థోర్గిల్స్ అమ్మిన జీపు

మా జీపుల క్లబ్బులో అప్పట్లో నలభై ఆరుగురం సభ్యులం. అందులో మంచులో జీపు నడపడం తెలిసినవాళ్లు ఓ పదిమంది ఉంటారేమో. మిగతావాళ్లకి జీపుల గురించి మాట్లాడటం తెలుసు. ఆ మాట్లాడేవాళ్లందరికీ థోర్గిల్సే పెద్ద. అప్పటికి పదకొండేళ్లుగా అతనే అధ్యక్షుడు. మా ఊరు ఎగిల్‌స్టాదిర్‌లో హార్డ్‌వేర్ కొట్టు అతనిదే. నాలుగు మేకులు కొనడానికి వెళ్లినవాడికి కూడా గేర్‌బాక్సు గురించి అరగంట చెప్పి గానీ పొట్లం చేతికిచ్చేవాడు కాదు. మా దేశంలో మంత్రినైనా పేరుపెట్టి నువ్వనే పిలుస్తాం. అయినా థోర్గిల్స్‌ని పిలిచేటప్పుడు మాకెందుకో గొంతు కాస్త తగ్గేది. ఎందుకు తగ్గేదో ఇప్పుడు ఆలోచిస్తే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

నా పేరు బెర్సీ. ఊరి చివర నాకో మెకానిక్ షెడ్డు ఉంది. ముప్పై నాలుగేళ్లుగా ఈ చుట్టుపక్కల పాత జీపులన్నీ నా చేతుల మీదుగా పోయినవే. మడ్‌గార్డులు కోసి, ఎత్తు పెంచి, ఏనుగు కాళ్లంత టైర్లు తొడిగితే తప్ప ఇక్కడ చలికాలంలో మంచు మీద బండి నిలవదు. టైర్లలో గాలి దాదాపు పూర్తిగా తీసేసి, చపాతీల్లా పరుచుకున్న ఆ టైర్ల మీద హిమానీనదం ఎక్కడం మావాళ్లు కనిపెట్టిన విద్య. మంచి విద్యే. దాని చుట్టూ చేరిన బడాయే భరించలేం.

థోర్గిల్స్ జీపు ఎనభై ఆరు మోడల్, ఆకుపచ్చది. ముప్పై ఎనిమిది అంగుళాల టైర్లు. కప్పు మీద ఆరు లైట్లు. సీట్లోంచి కదలకుండానే టైర్లలో గాలి తీసి నింపుకునే గొట్టాలు. ప్రతి ఫిబ్రవరిలో నడిశీతాకాలపు విందులో అతను లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టేవాడు. మేమంతా ఆచారం ప్రకారం పులిసిన షార్క్ చేప ముక్క నోట్లో పెట్టుకుని, ఉమ్మలేక, మింగలేక అతని ప్రసంగం వినేవాళ్లం. ప్రతి ఏడూ అదే ప్రసంగం. "మిత్రులారా, జీపుకి ప్రాణం ఇంజన్లో లేదు. ఛాసీలో ఉంది. అది దాని వెన్నెముక. దాన్ని పట్టించుకోనివాడు తన భార్యాబిడ్డల్ని పట్టించుకోనివాడే." చప్పట్లు కొట్టేవాళ్లం. నేనూ కొట్టేవాణ్ని.

నాలుగేళ్ల కిందట జూన్‌లో బ్రేకుల పనికి ఆ జీపుని నా దగ్గరికి తెచ్చాడు. లిఫ్టు మీద ఎత్తి కింద చూస్తే ఎడమవైపు ఛాసీ ఇనుపదూలం, ముందు స్ప్రింగు పట్టే చోటికి కాస్త వెనక, తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. పాత రొట్టెలోకి దిగినట్టు దిగింది.

"థోర్గిల్స్, ఇది ఒట్టి డొల్ల. జానెడు మేర కోసేసి కొత్త ఇనుము అతకాలి. రెండో వైపూ చూడాలి. మూడు నాలుగు వారాల పని," అన్నాను.

అతను వంగి చూశాడు. చూసి, చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని కూడా చూశాడు.

"చేయిస్తాలే. ఎవరితోనూ అనకు బెర్సీ. క్లబ్బువాళ్లు విన్నారంటే నవ్విపోతారు."

నేను ఎవరితోనూ అనలేదు. అతను చేయించనూ లేదు. సెప్టెంబర్లో ఆ జీపు అతని కొట్టు ముందు అమ్మకానికి నిలబడి ఉంది. కడిగి, మైనం పట్టించి, కింద నిగనిగలాడే నల్లరంగు కొట్టి ఉంది. దాని పక్కనే అతను కొత్తగా కొన్న తెల్లజీపు, లోపల లేత గోధుమరంగు తోలు సీట్లతో.

ఆ సెప్టెంబర్లోనే మా ప్రాంతానికి కొత్త పశువుల డాక్టరు వచ్చింది. పేరు సాల్వోర్. కొండల సందుల్లోకి సముద్రం చొచ్చుకొచ్చే పడమటి ఫియోర్డుల నుంచి వచ్చిన ముప్పై ఒక్కేళ్ల మనిషి. మాట తక్కువ. సముద్రం ఒడ్డు నుంచి హిమానీనదం అంచు దాకా ఉన్న ప్రతి గొర్రెల దొడ్డీ, ప్రతి గుర్రపు కొట్టమూ ఆమె చూసుకోవాలి. చలికాలంలో మామూలు కార్లు ఆ దారిన పోలేవు. ఆమె థోర్గిల్స్ జీపుని చూసింది, నచ్చింది, తిన్నగా నా షెడ్డుకి వచ్చింది.

"ఆ బండి నీ దగ్గరే బాగు చేయిస్తాడట కదా. ఎలాంటిది?"

"థోర్గిల్స్ తన బండ్లని కన్నబిడ్డల్లా చూసుకుంటాడు," అన్నాను.

అంతే అన్నాను. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేకుండా మోసం చేయడం నాకంత సులువుగా వచ్చేస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు. ఎక్కడో చేయించే ఉంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ చుట్టుపక్కల నేను కాక ఛాసీ అతికేవాడు ఇంకొక్కడే ఉన్నాడు. అధ్యక్షుడి బండి వాడి దగ్గరికి పోయి ఉంటే, సాయంత్రానికల్లా ఈతకొలను పక్కన అందరూ కబుర్లకి చేరే వేడినీళ్ల తొట్టెలో కూర్చుని ఊరంతటికీ చెప్పేవాడు. ఎవరూ చెప్పలేదంటే పని జరగలేదన్నమాట. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

సాల్వోర్ జీపు కొంది. చలికాలమంతా నడిపింది.

ఏప్రిల్ మూడోవారంలో నా దగ్గరికి తెచ్చింది.

"గతుకుల్లో డ్రైవర్ తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. మొన్న ఏరు దాటుతుంటే నా మందుల పెట్టె నీళ్లలో పడిపోయింది."

"థోర్గిల్స్‌ని అడిగావా?"

"అడిగాను. నేను తలుపు మెల్లగా వేస్తున్నానట. ఆడచెయ్యి కదా అన్నాడు. ఆ ముందురోజే ఈ చెయ్యి భుజం దాకా ఆవు కడుపులో పెట్టి, అడ్డం తిరిగిన దూడని బయటికి లాగానని చెప్పాను. అలాగా అని ఊరుకున్నాడు."

తలుపు మాట వినగానే నాకు అర్థమైంది. జబ్బు తలుపుది కాదు. కింద ఛాసీ వంగుతుంటే పైన తలుపులు తమ చోట ఇమడవు. మాట్లాడకుండా జీపుని లిఫ్టు ఎక్కించాను. ఆమె బయట ఆగలేదు. నాతోపాటు కిందికి వచ్చి నిలబడింది. నల్లరంగు కొత్త బూటులా మెరుస్తోంది.

సాల్వోర్ వేలి కణుపుతో ఛాసీ మీద తట్టింది. రెండడుగులు జరిగి మళ్లీ తట్టింది.

"ఇక్కడొక చప్పుడు, అక్కడొక చప్పుడు. ఎందుకు?"

నేను దీపం సరిచేస్తున్నట్టు నటించాను. ఆమె నా మొహం ఒకసారి చూసి, నడుముకున్న ఒరలోంచి గిట్టలు చెక్కే కత్తి తీసి, ఆ చోట పొడిచింది. కత్తి పిడి దాకా దిగిపోయింది. అటూ ఇటూ తిప్పింది. రంగుతోపాటు అరచెయ్యంత పుట్టీ పెళ్ల ఊడి నేలమీద పడింది. దాని వెనక ఫైబర్‌గ్లాస్ పీచు. దాని వెనక తడిసి ముద్దయిన కాగితాలు. ఆమె రెండు వేళ్లు లోపలికి పెట్టి ఆ ముద్దని నిదానంగా, ఈనిన గొర్రెకి మాయ తీసినట్టు బయటికి లాగింది. బల్లమీద పెట్టి, చిరగకుండా విప్పింది.

మా క్లబ్బు పత్రిక. ఆగస్టు సంచిక. మూడు వందల కాపీలు అచ్చు వేస్తే చదివే దిక్కులేక సగానికి పైగా థోర్గిల్స్ ఇంట్లోనే పడి ఉంటాయి. మూడో పేజీలో అతని ఫోటో, దాని కింద అతని వ్యాసం: ఛాసీని ప్రేమించండి.

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. నా నవ్వూ సగంలో ఆగిపోయింది.

"నీకు తెలుసు," అంది. అడిగినట్టు లేదు.

"జూన్‌లో చూశాను. అతనికి చెప్పాను. తర్వాత బాగు చేయించాడనుకున్నాను."

"నిజంగానే అనుకున్నావా?"

నేను దీపం తీసి కొక్కేనికి తగిలించాను.

"ఈ చలికాలం ఇందులో కొండమీది మైదానం నలభైసార్లు దాటాను బెర్సీ. ఒంటరిగా. మూడడుగుల దూరం కూడా కనబడని గాలిలో. అతనంటే బండి అమ్ముకోవాలి, అందుకని మోసం చేశాడు. అది నాకు అర్థమవుతుంది. నీకేం ఒరిగింది?"

"ఏమీ ఒరగలేదు."

"మరి?"

"అతనికి కోపం వస్తుందని," అన్నాను. అరవై ఒక్కేళ్ల మనిషిని. పశువుల డాక్టరు ముందు నిలబడి, బడిపిల్లాడిలా ఆ మాట అన్నాను.

ఆమె కత్తి తుడుచుకుని ఒరలో పెట్టుకుంది. ఇక్కడినుంచి హార్డ్‌వేర్ కొట్టు దాకా, రెండు వీధులు, మెల్లగా నడిపితే బండికి ఏమైనా అవుతుందా అని అడిగింది. ఏమీ కాదన్నాను. అయితే గురువారం వస్తాను, అప్పటిదాకా దీన్ని ముట్టుకోకు, పుట్టీ పెళ్లని మళ్లీ ఆ కంతలో పెట్టెయ్ అంది.

గురువారం వేసవి మొదటిరోజు పండుగ. ఎప్పటిలాగే మంచు పడుతోంది. ఏటా ఆ రోజు థోర్గిల్స్ కొట్టు ముందున్న ఖాళీస్థలంలో క్లబ్బువాళ్లు ఇనుప ర్యాంపు పెడతారు. జీపు ముందుచక్రం ఒక్కటే దాని మీదికి ఎక్కాలి. మిగతా మూడూ నేలమీదే ఉండాలి. ఏదో ఒక చక్రం నేల వదిలేదాకా ఎంత పైకి పోతే అంత గొప్ప. బండి మొత్తం మెలితిరుగుతుంది. ఛాసీ గట్టిదైతేనే తట్టుకుంటుంది. పిల్లలు జెండాలు ఊపుతారు, పెద్దలు హాట్‌డాగ్‌లు తింటారు, థోర్గిల్స్ మైకు పట్టుకుంటాడు. ఆ ముందు ఏడు గెలిచింది అతని ఆకుపచ్చ జీపే.

పదకొండు గంటలకి సాల్వోర్ అదే జీపుని నా షెడ్డు నుంచి తీసుకొచ్చి వరసలో నిలబెట్టింది. నేను వెనకాలే నడుచుకుంటూ వచ్చాను.

"మన డాక్టరమ్మ కూడా వచ్చేసింది," అన్నాడు థోర్గిల్స్ మైకులో. "చూడండి, నా పాత బంగారం. భయపడకమ్మా, మెల్లగా ఎక్కించు."

సాల్వోర్ దిగి, తాళం చేతిలో పట్టుకుని అతని దగ్గరికి నడిచింది.

"నాకు అలవాటు లేదు. నువ్వే ఎక్కించి చూపించు."

థోర్గిల్స్ మైకు కిందికి దించాడు.

"నేనా? నేను జడ్జిని కదా."

"పోటీకి కాదు. ఊరికే చూపించడానికి."

"భుజం పట్టేసింది. వారం నుంచీ."

అతని భార్య ఓద్రున్ పక్కనే కాఫీ పోస్తోంది. మంచి మనిషి, ఏ సంగతీ తెలియదు. "నిన్న ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ ఒక్కడివే ఎత్తి పెట్టావు కదా," అంది. చుట్టుపక్కల నలుగురు నవ్వారు.

"ఇన్సూరెన్సు ఆమె పేరున ఉంది. నేను నడిపితే..."

"ఏమీ కాదు, నేను కనుక్కున్నాను," అంది సాల్వోర్.

"ఈ బూట్లతో పెడల్ సరిగ్గా తెలియదు."

బూట్లట. పదకొండేళ్లు మాకు ధైర్యం గురించి ప్రసంగాలు ఇచ్చిన మనిషి, తన బూట్ల చాటున దాక్కోవాలని చూస్తున్నాడు. మొహం పాలిపోయింది. జనం హాట్‌డాగ్ నమలడం ఆపి చూస్తున్నారు. అతను నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"బెర్సీ, బండికేదో ఉందని చెప్పు. బ్రేకులు అని చెప్పు. నీ మాట వింటారు."

నా మాట వింటారు. నిజమే. సాల్వోర్ కూడా విన్నది కదా. ఆ ముక్కతో నాలో ఏదో తెగింది.

"బ్రేకులు బాగానే ఉన్నాయి, నేనే వేశాను," అన్నాను అందరికీ వినబడేట్టు. "ఛాసీయే బాగాలేదు. అది కుళ్లిపోయిందని జూన్‌లో థోర్గిల్స్‌కి నేనే చూపించాను. దాన్ని పుట్టీతో, పాత పత్రికలతో పూడ్చి, రంగేసి ఈమెకి అమ్మాడు. కొనేముందు ఈమె నన్ను అడిగింది. నేను నోరు మూసుకున్నాను. అనుమానం ఉన్నవాళ్లు వంగి చూసుకోండి."

సాల్వోర్ వంగి, కంతలో పెట్టిన పెళ్లని బూటుకాలితో తట్టింది. అది మంచులో పడింది.

ఆ తర్వాత ఏమైందో చెప్పాలంటే నాకే సిగ్గు. ఏమీ కాలేదు. నలభైమందికి పైగా ఉన్నాం. సగంమంది తమ పాదాలు చూసుకున్నారు. ఇద్దరు మళ్లీ హాట్‌డాగ్‌ల వరసలోకి పోయారు. కోశాధికారి నా దగ్గరికి వచ్చి, "పండుగపూట, పిల్లల ముందు ఈ గొడవ అవసరమా బెర్సీ?" అన్నాడు. వంగి చూసింది ఓద్రున్ ఒక్కతే. మంచులో మోకాళ్ల మీద కూర్చుని, ఆ కంతలోకి చాలాసేపు చూసింది. లేచి, భర్త వైపు కన్నెత్తకుండా కాఫీ ఫ్లాస్కు మూత బిగించింది.

"డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను," అన్నాడు థోర్గిల్స్. "చాటుగా అడిగి ఉంటే ఎప్పుడో ఇచ్చేవాణ్ని."

"నాకు డబ్బు వద్దు. మూడు వారాల్లో గొర్రెలు ఈనడం మొదలవుతుంది. నాకు బండి కావాలి. ఈ జీపుకి ఛాసీ నువ్వూ బెర్సీ కలిసి బాగుచేయండి. అయ్యేదాకా నీ తెల్లజీపు నేను వాడుకుంటాను," అంటూ చెయ్యి చాపింది.

అతను తటపటాయించాడు. ఓద్రున్ అతని కోటు జేబులో చెయ్యి పెట్టి, తాళాలు తీసి, సాల్వోర్ అరచేతిలో పెట్టింది.

ఐదు వారాలు పట్టింది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి థోర్గిల్స్ నా షెడ్డుకి వచ్చేవాడు. బాడీ విప్పి పక్కన పెట్టి, ఒట్టి ఛాసీని ఇనుప స్టాండ్ల మీద పెట్టి గీకాం. అప్పుడు తెలిసింది నాకు. ఈ మనిషికి వెల్డింగ్ రాదు. గ్రైండర్ పట్టడం రాదు. మొదటిరోజే చేతితొడుగు కాల్చుకున్నాడు. మూడోరోజు నా మంచి రంపం బ్లేడు విరిచాడు. ఏ బోల్టు ఎటు తిప్పితే వదులవుతుందో ప్రతిసారీ ఒక క్షణం ఆలోచించేవాడు. ఇన్నేళ్లు వెల్డింగ్ మీద మాకు పాఠాలు చెప్పింది ఇతనే.

"ఇలాంటిది అందరికీ జరుగుతుంది బెర్సీ," అనేవాడు.

"ఈ పక్క పట్టుకో," అనేవాణ్ని.

ఒక సాయంత్రం తుప్పు గీకుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "మొదట నేనే బాగుచేద్దామనుకున్నాను. కోయడానికి ధైర్యం చాలలేదు. నీ చేత చేయిస్తే, అధ్యక్షుడికి ఈ మాత్రం చేతకాదా అంటారు. ఇన్నేళ్లు చెప్పి చెప్పి, ఇప్పుడు నాకు రాదని ఎలా చెప్పను?"

నాకు కాసేపు జాలేసింది. కొండమీది మైదానంలో ఒక్కతే పోతున్న ఆ అమ్మాయి గుర్తొచ్చి ఆ జాలి పోయింది. "అందుకని ఆమె చచ్చిపోయినా ఫర్వాలేదా?" అన్నాను. అతను ఇనుప బ్రష్షు అందుకున్నాడు. నేను మాత్రం ఏ మొహం పెట్టుకుని అడిగాను? ఇద్దరం గీకుతూ పోయాం.

తెల్లజీపు మే నెల చివర తిరిగొచ్చింది. సాల్వోర్ దాన్ని ఎంత వాడాలో అంత వాడింది. తోలు సీట్ల మీద ఓ గొర్రె చేత కవలపిల్లల్ని ఈనించిందట ఓ తుఫాను రోజున. తడిసిన కుక్కలు, మాయ పడ్డ బకెట్లు, అయోడిన్ మరకలు. తలుపు తీస్తే కళ్లలో నీళ్లు తిరిగేంత వాసన. "కడిగిస్తే పోతుందిలే," అన్నాడు థోర్గిల్స్ బింకంగా. "నువ్వే కడుగు," అంది ఓద్రున్. నాలుగు రోజులు కడిగాడు. ఎండ కాసిన రోజున ఆ బండి పక్కనుంచి పోతే ఇప్పటికీ తెలుస్తుంది.

జూన్‌లో క్లబ్బు వార్షిక సమావేశం జరిగింది. థోర్గిల్స్‌ని మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఇరవై ఏడు ఓట్లు అతనికి, తొమ్మిది వ్యతిరేకం. సభ్యుల సొంత వ్యవహారాలు పండుగల్లో బయటపెట్టి క్లబ్బు పరువు తీసినందుకు నన్ను రాతపూర్వకంగా హెచ్చరించారు. అతను లేచి, మనమంతా తప్పులు చేస్తాం, తప్పులనుంచి నేర్చుకుంటాం అని గంభీరంగా మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. ఈసారి నేను కొట్టలేదు. అదీ గొప్పగా చెప్పుకునే విషయమేమీ కాదు. తర్వాతి సంచికలో అతని కొత్త వ్యాసం వచ్చింది. పాత ఛాసీని బాగుచేయడంలో తన అనుభవాల గురించి ఆరు పేజీలు రాశాడు. ఫోటోల్లో ఉన్న అతుకులన్నీ నావే. నేను సభ్యత్వం వదిలేశాను. ఎవరూ ఉండమని అడగలేదు.

సాల్వోర్ ఇప్పటికీ ఆ ఆకుపచ్చ జీపే నడుపుతోంది. కప్పు మీది ఆరు లైట్లలో నాలుగు పీకించేసి, వాటి చోట నిచ్చెన కట్టించుకుంది. ఏటా అక్టోబర్లో చలికాలానికి ముందు నా దగ్గరికే తెస్తుంది. నేను మంచి మెకానిక్‌ని కాబట్టి తెస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. నేను చెప్పేది వింటుంది. విన్నాక తనే లైటు పట్టుకుని కిందికి వచ్చి, మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చూసుకుంటుంది. కాఫీ తాగుతావా అని నేను ప్రతిసారీ అడుగుతాను. "వద్దు, పనుంది," అని తాళాలు తీసుకుని వెళ్లిపోతుంది.